ఫ్యూజు పీకిన ఆదివారం

పాత రోజులు బంగారం అని ఎవరన్నా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏ పాత రోజులు? ఎవరికి బంగారం? నలభై ఏళ్ళుగా సభల్లోనూ పత్రికల్లోనూ నేను అడుగుతున్న ప్రశ్న ఇదే. పాతదానికి దణ్ణం పెట్టడం అలవాటైన వాళ్ళకి మొన్నటి రేడియో, నిన్నటి టీవీ కూడా దేవుళ్ళయిపోతాయి. అందుకే ఈ వేసవిలో ఒక పత్రిక ఎడిటర్ ఫోన్ చేసి, "ఎనభైల నాటి సరదాల మీద ప్రత్యేక సంచిక వేస్తున్నాం, మీరూ రాయాలి" అనగానే ఒప్పుకున్నాను. మిగతా వాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటూ రాస్తారు, నేనొక్కడినైనా నాలుగు చీవాట్లు పెడదామనుకున్నాను.

విషయం కోసం వెతుక్కోనక్కర్లేదు. ఆదివారం పొద్దున వచ్చిన పురాణ సీరియల్. దాని పేరు రాయను, రాయకపోయినా ఆ వయసు వాళ్ళందరికీ తెలుసు. ఒక దేశం మొత్తం స్నానం చేసి, టీవీ పెట్టెకి పూలదండ వేసి, అగరొత్తులు వెలిగించి కూర్చున్న గంట అది. గాజువాక మెయిన్ రోడ్డు మీద సిటీ బస్సులు టీ కొట్టు ముందు ఆగిపోయేవి. డ్రైవరు, కండక్టరు, ప్రయాణికులు అందరూ దిగి కొట్లోని టీవీ ముందు నిలబడేవాళ్ళు. ఒక్క ప్రయాణికుడు కూడా ఆలస్యమవుతోందని గొడవ పెట్టుకున్నట్టు నాకు గుర్తు లేదు. ఇవన్నీ రాసి, చివర్లో కొసమెరుపుగా నేను ఫ్యూజు పీకిన సంగతి చేర్చాను. మూఢనమ్మకం మీద ఒక ఎలక్ట్రీషియన్ సాధించిన చిన్న విజయంగా.

మర్నాడు చదువుకుంటే అన్నీ బాగానే ఉన్నాయి, ఆ ఫ్యూజు దగ్గర ఆగిపోయాను. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. నా భార్యకీ చెప్పలేదు. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఇక తెలియాల్సిన మనిషి ఒక్కడే మిగిలాడు. వన్ టౌన్‌లో ఉంటాడు. ఈ ఊళ్ళో నన్ను బావా అని పిలిచే ఆఖరి మనిషి. చెప్పకుండా అచ్చు వేయిస్తే పత్రికలో చదివి తెలుసుకుంటాడు. చెబితే ఏమంటాడో తెలియదు. ఎటు చూసినా నేను పోగొట్టుకోగలిగింది ఆ ఒక్క పిలుపే. రెండు వారాలు ఆ కాగితాలు బల్ల మీద అలాగే పడి ఉన్నాయి.

నేను కృష్ణా జిల్లా నుంచి ఉక్కు ఉద్యోగానికి వచ్చినవాణ్ణి. ప్లాంటులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ పని. ఉక్కునగరంలో మాకిచ్చిన క్వార్టరు కింది అంతస్తు. సరిగ్గా మా నెత్తి మీద, నన్ను బావా అని పిలిచే ఆయన ఇల్లు. వన్ టౌన్ సాయిబుల కుటుంబం. వాళ్ళ నాన్న హార్బరులో చెక్క పడవలు బాగుచేసేవాడు. పలకల సందుల్లో దూది కూరి, గుగ్గిలం పూసి, నీళ్ళు రాకుండా చేసే పని. ఆయన మాత్రం మా ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. కాపురానికి వచ్చిన మొదటి వారమే మెట్ల మీద కలిసి, "ఏటి బావా, ఏ ఊరు మీది?" అన్నాడు. ఈ ప్రాంతంలో మగవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు అలాగే పిలుచుకుంటారని నాకప్పటికి తెలియదు. కొత్తవాణ్ణి బావా అంటాడేమిటని వింతగా చూశాను. ఆ వరసలోనే ఆయన నాకూ బావ అయ్యాడు, నా భార్య ఆయనకి సెల్లెమ్మ అయింది, ఆయన భార్య నాకు అక్కయ్య అయింది. కులమతాలు పోవాలని నేను ఉపన్యాసాలు ఇచ్చేవాణ్ణి. ఆయన ఉపన్యాసం ఏమీ లేకుండా ఒక్క పిలుపుతో మాకు చుట్టరికం కలిపేశాడు.

మా మెట్ల వరసలో ఆరిళ్ళు. మొదట టీవీ కొన్నది ఆయనే. సీరియల్ మొదలయ్యాక మా ఆరిళ్ళ వాళ్ళే కాదు, పక్క వరసల వాళ్ళూ ఆయనింట్లోనే చేరేవారు. నైట్ షిఫ్ట్ చేసి వచ్చినవాళ్ళు నిద్ర మానుకుని కూర్చునేవాళ్ళు. ఆదివారం పొద్దున షిఫ్ట్ పడినవాళ్ళు వారం ముందు నుంచే మ్యూచువల్ కోసం తిరిగేవాళ్ళు. అంటే నా డ్యూటీ నువ్వు చెయ్యి, నీ డ్యూటీ నేను చేస్తాను అనే ఒప్పందం. నాస్తికుణ్ణి కదా, నాకు ఆ గంటతో పని లేదని మొదట్లో అందరూ నా దగ్గరికే వచ్చేవాళ్ళు. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. పురాణానికి నా షిఫ్ట్ దానం చేయనని చెప్పేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఎంత చిన్న బుద్ధి అనిపిస్తుంది. అప్పుడు అది సిద్ధాంతం.

ఆ ఇంట్లో సీరియల్‌కి ముందు హడావిడి చూడాలి. ఒకడు మేడ మీద ఏంటెన్నా తిప్పుతూ వచ్చిందా, వచ్చిందా అని అరవడం, కింద నుంచి వచ్చింది, పోయింది, కొంచెం ఎనక్కి తిప్పు అని కేకలు. ఎవరో ఒకావిడ టీవీకి దండ వేసేది. ఇంకొకావిడ కొబ్బరికాయ తెచ్చేది. అక్కయ్య ఏమీ అనేది కాదు. చాపలు పరిచేది, కిటికీ తెరలు వేసేది. ఒక్క ఆంక్ష మాత్రం పెట్టింది. "దండాలు ఎన్నయినా పెట్టుకోండి. కొబ్బరికాయ మాత్రం బయట మెట్టు మీద కొట్టండి. నా గచ్చు పగిలిపోద్ది."

ఆ సీరియల్ హిందీలో వచ్చేది. అది మా వాళ్ళెవరికీ పూర్తిగా అర్థమయ్యేది కాదు. ఆయనకి ఇంట్లో ఉర్దూ ఉంది కాబట్టి ఎవరు ఎవరితో ఏమన్నారో, ఎవరు ఎక్కడికి వెళ్ళారో తెలిసేది. కానీ ఆ సీరియల్ వాళ్ళు మాటకి ముందొక సంస్కృతం, వెనకొక సంస్కృతం పెట్టేవాళ్ళు. అవి ఆయనకి అర్థమయ్యేవి కావు, మా వాళ్ళకి అయ్యేవి. అందుకని కథ చెప్పడం అందరూ కలిసి చేసే పనయింది. టీవీ పక్కన చిన్న స్టూలు వేసుకుని కూర్చుని, "ఆ ముసలాయన ఈళ్ళకి ఏదో ఇచ్చీసాడంట. ఇచ్చిందేటో మీరే సెప్పుకోండి" అనేవాడు. "వరం బాబూ, వరం" అని చాపల మీద నుంచి పదిమంది అనేవాళ్ళు. "ఆఁ, వరం. అది తీసుకుని అడవికి ఎల్లిపోమంతన్నాడు." ఇదంతా నేను చూసింది కాదు. నా భార్య కిందకి వచ్చి అభినయించి చూపించేది. నేను పేపరు చదువుతున్నట్టు నటిస్తూ వినేవాణ్ణి.

మాది దండల పెళ్ళి. పురోహితుడు లేడు, ముహూర్తం లేదు. ఆవిడది అనకాపల్లి పక్క పల్లె. మా నాస్తిక సంఘం వాళ్ళు పెట్టిన షరతులన్నిటికీ ఆవిడ ఒప్పుకుంది. నన్ను మీరు అని పిలవొద్దన్నాను, నువ్వు అనడం మొదలుపెట్టింది. ఇంట్లో దేవుడి పటం వద్దన్నాను, పెట్టలేదు. టీవీ కొనొద్దన్నాను. అప్పుడు మాత్రం చేతిలో పని ఆపి నా వైపు చూసి, "నీ సిద్ధాంతానికి నాను ఎప్పుడూ అడ్డం రాలేదు. నా ఆదివారానికి నువ్వు అడ్డం రాకు" అంది. చాప చంకన పెట్టుకుని మెట్లెక్కింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం గుమ్మం దగ్గర ఆగి ఒకసారి అడిగేది. "నువ్వూ రాకూడదేటి? నమ్మమనడం లేదు. వచ్చి కూర్చో, చాలు."

నేను వెళ్ళలేదు. వెళ్ళకపోగా పోటీ పెట్టాను. సరిగ్గా ఆ గంటకే మా ముందు గదిలో వైజ్ఞానిక చర్చా మండలి అని ఒకటి మొదలుపెట్టాను. మొదటి వారం ఎనిమిది మంది వచ్చారు. సృష్టికి కర్త అవసరమా అన్నది విషయం. రెండో వారం ఐదుగురు. నెల తిరిగేసరికి ఒకే ఒక్క ఫిట్టరు మిగిలాడు. పెళ్ళి కాని మనిషి, హాస్టల్లో ఉండేవాడు. ఒక ఆదివారం గుమ్మంలోనే నిలబడి తల గోక్కుంటూ, "గురూ, ఏటనుకోకు. పైన ఈ వారం పెళ్ళంట" అన్నాడు.

"మనం సృష్టి గురించి సగంలో ఆపాం" అన్నాను.

"సృష్టి ఎక్కడికి పోద్ది గురూ. పెళ్ళి ఈ వారమే కదా" అని చెప్పులు అక్కడే విడిచి పైకెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మా మండలి అంటే నేనొక్కణ్ణే. నాలుగు కుర్చీలు వేసుకుని, ఒకదానిలో కూర్చుని, కప్పు మీద పాదాల చప్పుడు వినేవాణ్ణి. ముప్పై మంది ఒక్కసారి నవ్వితే కింద ఉన్న ఇంట్లో ఎలా ఉంటుందో ఒంటరిగా కూర్చున్నవాడికే తెలుస్తుంది.

అలాంటి ఒక ఆదివారం లేచి బయటికి వచ్చాను. మెట్ల నిండా చెప్పులు. హవాయి చెప్పులు, సేఫ్టీ బూట్లు, పట్టీ తెగితే పిన్నీసు పెట్టిన ఆడవాళ్ళ చెప్పులు. మెట్ల కింద మా ఆరిళ్ళ కరెంటు బోర్డు. నాకు దాని గురించి ఆలోచించాల్సిన పనే లేదు, చేతులకి తెలుసు. తలుపు తీశాను, పై ఇంటి పింగాణీ ఫ్యూజు పట్టుకుని లాగాను, చొక్కా జేబులో వేసుకున్నాను. పైన సంగీతం టక్కున ఆగిపోయింది. ముప్పై మంది ఒకేసారి అయ్యో అన్నారు. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం గురించి అబద్ధం చెప్పను. పెద్ద సభలో ప్రతివాది నోరు మూయించినంత సంతోషం.

లేచి వెళ్ళిపోతారనుకున్నాను. అందరూ దిగివస్తుంటే ఎదురుగా నిలబడి నవ్వుదామని మెట్ల మలుపు దాకా ఎక్కాను. వాళ్ళ తలుపు తీసే ఉంది. పైన ఎవరో, "కరెంటాయన కిందే ఉన్నాడు కదా, పిలవండి" అన్నారు. వెంటనే నా భార్య గొంతు వినిపించింది.

"వద్దు. ఆయన మీటింగులో ఉన్నాడు. ఆయన గంట ఆయనది, కదపకండి."

ఖాళీ కుర్చీల మీటింగు సంగతి ఆవిడకి తెలుసు. జేబులో ఫ్యూజు బరువుగా తగిలింది. అప్పుడే కిందకి దిగి పెట్టేసేవాణ్ణేమో. ఇంతలో ఎవరో పెద్దావిడ, "కరెంటు వచ్చేదాకా నువ్వు చెప్పు బాబూ. పడవవాడు కాళ్ళు కడగడానికి వంగాడు కదా, ఆ తర్వాత ఏమయింది?" అంది. గోదావరి యాస. పక్క వరసలో కొడుకు దగ్గర ఉండే ఆవిడ.

తర్వాత బావ గొంతు సవరించుకోవడం వినిపించింది. చెప్పడం మొదలుపెట్టాడు.

సందర్భం ఏమిటంటే, అడవికి పోతున్న రాకుమారుడు, ఆయన భార్య, తమ్ముడు నది ఒడ్డుకి వస్తారు. పడవవాడు దాటించాలి. ముందు ఆయన కాళ్ళు కడుగుతానంటాడు. ఎందుకు కడుగుతాడన్నదానికి పురాణంలో ఒక మహిమ ఉంది. ఆ కాలి దుమ్ము తగిలి రాయి ఆడదయింది, తన పడవ కూడా అలాగే అయిపోతుందని వాడి భయం, తెలుగిళ్ళల్లో పిల్లలకి కూడా తెలిసిన మహిమ. బావ దాని జోలికి పోలేదు.

"పడవవాడంటే మా నాయన లాంటోడు" అన్నాడు. "పడవని ఇల్లు లాగ సూసుకుంటాడు. ఒడ్డంతా బురద. బురద కాళ్ళతో ఎక్కితే పలకలు జారతాయి. పైగా ఆడమనిషి ఉంది. పడవ మజ్జిలో జారితే ఎవుడిది బాధ్యత? అందుకని రాజైనా సరే, కాళ్ళు కడిగే ఎక్కాల అన్నాడు. రాజుకి కడుక్కోడం రాదు కదా, ఈడే వంగి కడిగీసాడు."

ఎవరూ కాదనలేదు. ఆ పెద్దావిడే అంది. "అవును బాబూ. మా గోదారి రేవులోనూ అంతే. బురద కాళ్ళతో ఎక్కనివ్వరు."

అక్కడి నుంచి ఆయన గొంతు మారింది. ఆడమనిషిని పడవ మధ్యలో ఎలా కూర్చోబెట్టాలో చెప్పాడు, అంచున కూర్చుంటే బరువు ఒరుగుతుందని. తమ్ముడు నిలబడతానంటే పడవవాడు కసిరాడని చెప్పాడు. నవ్వులు. తాడు ఎలా విప్పాడో, గడ ఎక్కడ దింపాడో చెప్పాడు. "నీళ్ళు పోటు మీదున్నాయి. ఇప్పుడు తోస్తే ఎనక్కి తెచ్చి పడేస్తాది. నీళ్ళు నిలబడేదాకా ఆగండి అన్నాడు. రాజు ఆగాడు. పడవలో రాజు మాట సెల్లదు."

ఆ నదికి సముద్రం వందల మైళ్ళ దూరం. అక్కడ పోటేమిటి? నా నాలుక దురద పెట్టింది. జీవితంలో ఒక తప్పు వింటూ నోరు మూసుకున్న అలవాటు నాకు లేదు. మలుపులో నిలబడి, జేబులో ఫ్యూజుతో, మా వన్ టౌన్ హార్బరు కాలవ నీళ్ళని ఉత్తరాది అడవిలో పారిస్తున్న ఆ మనిషి మాటలు నోరు మూసుకుని విన్నాను. అంతకు మించి, నేను కిందకి దిగి ఫ్యూజు పెట్టలేకపోయాను. పెడితే టీవీ వచ్చేస్తుంది. టీవీ వస్తే ఆయన ఆపేస్తాడు. సీరియల్ ఆపాలని పీకినవాణ్ణి, కథ ఆగకూడదని జేబులో దాచుకున్నాను. పడవ ఆవలి ఒడ్డుకి తగిలి, అందరూ ఊపిరి వదిలాక దిగి పెట్టాను. పైన టీవీలో సబ్బు ప్రకటన పాట మొదలైంది. గదంతా పగలబడి నవ్వింది.

నా భార్య వచ్చి చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చుంది. ముఖంలో ఇంకా ఆ నది ఉంది. "ఇయాల కరెంటు పోయింది. ఎంత బాగుందో" అంది. మొత్తం మళ్ళీ చెప్పింది. నేను మొదటిసారి వింటున్నట్టు విన్నాను. "కాళ్ళెందుకు కడిగాడు?" అని అడిగాను.

"బురద కదా. జారకుండా" అంది. కళ్ళతోనే నవ్వింది. "నువ్వు ఒప్పుకునే కారణం కూడా అదొక్కటే కదా."

ఇదీ నేను రెండు వారాలు బల్ల మీద పెట్టుకుని కూర్చున్న సంగతి. చివరికి ఒక రోజు పొద్దున గాజువాకలో బస్సెక్కి పాత పోస్టాఫీసు దగ్గర దిగాను. బస్సులో నా పక్క సీటు ఆవిడ ఫోన్లో అదే సీరియల్ చూస్తోంది. తెలుగులోకి మార్చారు. బొమ్మ అద్దంలా ఉంది. రెండు చెవుల్లో రెండు బుడిపెలు. పక్కనున్న నాకు ఒక్క మాట కూడా వినపడలేదు. ఎవరినీ ఏమీ అడగాల్సిన పని ఆవిడకి లేదు. నేను అప్పుడు తిట్టిన సీరియల్ అదే, ఇప్పుడూ తిట్టగలను. కానీ ఆవిడ నన్ను ఏదైనా అడిగితే బాగుండునని దారంతా అనిపించింది.

బావ వాళ్ళది సన్నటి సందులో పాత మేడ. కింద వాళ్ళ వాళ్ళదే తాళ్ళు, వలలు అమ్మే దుకాణం. తారు తాళ్ళ వాసన మేడ మీదకి కూడా వస్తుంది. ఆయనకి మోకాళ్ళు అరిగాయి, కిందకి దిగడం తక్కువ. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని సందులో ఆటోలని చూస్తున్నాడు. నన్ను చూసి, "ఏటి బావా, దారి తప్పావా? నీ దేవుడు లేడు కదా, ఎవుడు తోలాడు నిన్ను?" అన్నాడు. అక్కయ్య టీ పెట్టింది. కాసేపు నా భార్య గురించి మాట్లాడుకున్నాం. టీ అయ్యాక చెప్పాను. ఎక్కడా మెరుగులు పెట్టకుండా, వరసగా చెప్పాను.

ఆయన చేతిలో గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టాడు.

"ఫ్యూజు నువ్వు పీకావా?"

"పీకాను."

"ఎందుకు?"

"సీరియల్ ఆపాలని."

"ఆగిందా?"

"లేదు."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"ఆ రోజు నాకేటయిందో నీకు తెల్సా?" అన్నాడు. "నువ్వు మెట్ల మీద నిలబడి సంబరపడ్డావు. నాను లోపల సెమటలు కక్కాను. ముప్పై మంది నా మొకంలోకి సూత్తన్నారు. ఆ కథ అందరికీ తెల్సు. నాకొక్కడికే తెలీదు. బొమ్మ ఉంటే అందులో సూసి సెప్పీవోణ్ణి. బొమ్మ లేదు. ఆడెందుకు వంగాడో, ఎందుకు కడుగుతన్నాడో నాకెలాగ తెలుస్తాది? ఒక్క మాట తేడా వస్తే? సాయిబు మన దేవుణ్ణి ఎక్కిరించాడని ఎవుడైనా లేస్తే? రోజూ పేపర్లు సదివీవోడివి నువ్వు. అప్పుడు దేశంలో ఏటవుతుందో నాకంటే నీకే ఎక్కువ తెల్సు."

నాకు తెలుసు. ఆ రోజుల్లో ఆ విషయం మీదే వారం వారం వ్యాసాలు రాసేవాణ్ణి. దేశానికి మతకలహాల ప్రమాదం ముంచుకొస్తోందని హెచ్చరించేవాణ్ణి. మా మెట్ల మీద, మా నెత్తి మీద ఇంట్లో, ఆ ప్రమాదంలోకి ఒక మనిషిని నా చేత్తో నెట్టానన్న ఆలోచన ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు రాలేదు. తప్పయిపోయింది అన్నాను. చాలా చిన్న మాట.

అక్కయ్య వంటగది గుమ్మంలో నిలబడి వింటోంది. "ఆ మర్నాడే ఈయన బజారుకి ఎల్లి పిల్లల బొమ్మల పుస్తకం కొన్నాడు తమ్ముడూ" అంది. "ఆ కథదే. శనివారం శనివారం కూసోని మర్నాటి ముక్క సదివీవోడు. పరీచ్చకి సదివినట్టు. మళ్ళీ కరెంటు పోతే ఏటి సేత్తానని."

"అందులో ఉంది కదా అసలు కారణం" అన్నాడు బావ. "కాళ్ళు ఎందుకు కడిగాడో. సదివి నాకు నోరు ఎండిపోయింది. అందరికీ తెలిసిన ముక్క. నాను బురదని సెప్పాను. ఒక్కలూ కాదనలేదు. ఆ గోదారి మామ్మ దగ్గరికి ఎల్లాను. మామ్మా, నీకు తెల్సు కదా, మరెందుకు అవునన్నావని అడిగాను."

"ఏమంది?"

"నువ్వు సెప్పింది కూడా నిజమే కదా బాబూ అంది. పడవలో జారకూడదు కదా అంది. నా సేతిలో ఇంత బెల్లం ముక్క పెట్టింది."

సందులో ఆటో ఒకటి హారను కొడుతూ దారి కోసం నిలబడింది. ఆ ఆదివారం నేను ఆ గదిలో ఉండి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకు తెలుసు. కారణం అది కాదని అనేవాణ్ణి. పురాణంలో ఉన్న మహిమ ఇదీ అని చెప్పి, దాన్ని ఖండించి, నదిలో పోటు రాదని కూడా చెప్పి, గెలిచి కూర్చునేవాణ్ణి. నమ్మకం ఉన్న ముప్పై మంది, తమకు తెలిసిన జవాబుని నోట్లోనే ఉంచుకుని, ఒక మనిషి చెప్పిన జవాబుని విన్నారు. నా భార్య ప్రతి ఆదివారం వచ్చి కూర్చో అని పిలిచింది ఆ గదిలోకే. దేవుడు లేడని ఇప్పుడూ అంటాను. ఆ గది మాత్రం ఉంది, నేను వెళ్ళలేదు.

"పత్రికలో రాయమంటావా, వద్దంటావా?" అని అడిగాను.

ఆయన ఆలోచించాడు. "రాయి. కరెంటు పోయిందని మాత్రం రాయకు. ఫ్యూజు నువ్వే పీకావని రాయి." మళ్ళీ అటు తిరిగి, "సెల్లెమ్మ ఏటంది ఆ రోజు?" అన్నాడు.

చిక్కుడుకాయల సంగతి చెప్పాను. ఎంత బాగుందో అందని చెప్పాను. ఆయన మీసం కింద మొదటిసారి నవ్వు కదిలింది.

"ఇంకొక్కసారి చెప్పు బావా" అన్నాను. "ఆ పడవ ముక్క. ఈసారి లోపల కూర్చుని వింటాను."

"నాకేటి గుర్తు? భయంలో వాగింది గుర్తుంటాదేటి? సదివిన కాణ్ణించి పుస్తకంలో కథే ఉంది బుర్రలో. నాను సెప్పింది పోయింది." కుర్చీలో కొంచెం జరిగి, మోకాలు సర్దుకున్నాడు. "ఆ మామ్మ లేదు. సెల్లెమ్మ లేదు. గుర్తున్నోడివి నువ్వొక్కడివే. దొంగతనంగా విన్నావు కదా, నువ్వే సెప్పు."

జీవితంలో నేను పురాణం చెప్పలేదు. చెప్పేవాళ్ళని ఎదిరించడమే నా పని. అక్కయ్య చేతులు కొంగుకి తుడుచుకుని, గుమ్మానికి ఆనుకుని నేల మీద కూర్చుంది. నేను కుర్చీ వదిలి కిటికీ పక్కనున్న చిన్న స్టూలు మీదకి మారాను. గొంతు సవరించుకున్నాను.

"ముగ్గురు మనుషులు నది ఒడ్డుకి వచ్చారు" అన్నాను. "ఒడ్డంతా బురద."

"ఆఁ" అన్నాడు బావ. "నీళ్ళు ఎలాగున్నాయి?"

"పోటు మీదున్నాయి" అన్నాను.